మడత చాకు - దానిని చేయు విధము

మన ఇండ్లలో కూరగాయలు తరుగుటకు కత్తిపీట కలదు. పొలములో పైరు కోయుటకు కొడవలి కలదు. కట్టెలు కొట్టుటకు గొడ్డలి కలదు. ఇవి తమ తమ చోట్లను విడిచి మనవెంట రావు. జేబులో నిమిడి మనతో నడచివచ్చు కత్తి మడత చాకు ఒక్కటియే. ధాన్యపు బస్తా మూతికి కుట్టిన పురికొస తెంపవలెనన్నను, పెన్సిలు చెక్కవలెనన్నను, జామపండు కోసి నలుగురికి పంచవలెనన్నను పెద్దల చేయి మొదట పోవునది దాని మీదికే.

దానిని తెరచునపుడు "టక్కు"మని యొక చప్పుడగుట మీరు వినియుందురు. ఆ చప్పుడేల కలుగుచున్నది? తెరచిన అలుగు ఊగక నిలుచుటకును, మూసిన అలుగు జేబులో తనంత తాను తెరచుకొనక యుండుటకును కారణమేమి? అంగడిలో కొనువారికి ఈ ప్రశ్నలు తోచవు. స్వయముగా చేయబూనినవారికి ఇవి తప్పవు.

నేను ఇంటి పనిశాలలో చేసిన మొదటి చాకు పాడైపోయినది. రెండవదియు కొలది దినములకే చెడినది. ఆ రెండు తప్పులను దాచక ఈ వ్యాసమున చెప్పెదను. ఏలయన, ఈ పనిలో నేర్వవలసిన ముఖ్యవిషయము ఆ తప్పులలోనే యున్నది.

మన సీమలో కత్తి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ రాయచూరు సీమలో కత్తి చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది. లింగసూగూరు తాలూకాలోని పిక్లిహాళ్‌లో 1952లో ఆల్చిన్ అను ఆంగ్ల పండితుడు త్రవ్వకములు జరిపి, నవీన శిలాయుగపు మానవులు నివసించిన చోట్లను పరిశీలించెను. అశోకుని పేరు గల శాసనము 1915లో బయల్పడిన మస్కిలో, 1954లో థాపర్ అను పురాతత్త్వవేత్త త్రవ్వకములు జరిపెను. అచ్చట క్రింది పొరలలో రాతిని చీల్చి చేసిన పొడవైన అలుగులును, వాని పై పొరలలో ఇనుప వస్తువులును లభించినవి. ఈ జిల్లాలోనే కల్లూరులో పిడి చివర రెండు కొమ్ములవలె చీలిన రాగి ఖడ్గములు దొరకినవి. రాయి, రాగి, ఇనుము - ఈ మూడింటితోను కత్తులు చేసికొన్న మానవుల జాడలు మన జిల్లా మట్టిలోనే యున్నవన్నమాట.

ఇనుమును మించినది ఉక్కు. తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రము అను గ్రామము ఒకప్పుడు ఉక్కునకు ప్రసిద్ధి చెందినది. అచ్చటి పనివారు మట్టి మూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కును చేయుచుండిరి. దానిని కొనుటకు పర్షియా దేశపు వర్తకులు అంత దూరము వచ్చుచుండిరి. ఆ పనిని కన్నులార చూచిన వాయిసీ అను వైద్యుడు వ్రాసిన వర్ణన 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడినది.

ఇట్టి ఉక్కు ముద్దలు 1794లో బొంబాయి నుండి లండను నగరమునకు పంపబడినవి. 1795లో పియర్సన్ అను శాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి, రాయల్ సొసైటీ యెదుట తన పరిశోధనలను చదివెను. ఆ ఉక్కుతో స్టోడార్ట్ అను కత్తుల పనివాడు పరీక్షార్థము ఒక వస్తువు చేసి చూచెను. అది రాజుల ఖడ్గము కాదు. కలము చెక్కుకొను చిన్న చాకు! ఆ చాకు మేలైన ఉక్కు చాకులకు తీసిపోలేదని తేలినది. మన ఉక్కును ఆంగ్లేయులు "వూట్జ్" అని పిలిచిరి. తెలుగున, కన్నడమున సమానముగా నున్న "ఉక్కు" అను మాటయే అట్లు మారినదని పండితులు పెక్కుమంది తలచుచున్నారు.

చాకు అంగములు

ఇక చాకును విప్పి చూతము. దానిలో ముఖ్యమైన అంగములు ఐదు.

మొదటిది అలుగు. కోయుభాగము వాదరగల అలుగు. పిడిలోపల దాగియుండు భాగము అలుగు మొదలు. రెండవది వెన్నుకమాను. ఇది పిడి వెన్ను వెంబడి నుండు సన్నని ఉక్కు బద్ద. మూడవది లోపలి రేకుల జత; వీనిని ఇత్తడితో చేయుదురు. నాలుగవది పిడి చెక్కల జత. ఐదవది మూడు మేకులు. ముందు మేకుపై అలుగు తిరుగును. నడిమి మేకును, వెనుక మేకును కమానును కదలకుండ పట్టియుంచును.

అలుగు పైభాగమున గోటితో పట్టి తెరచుటకు ఒక చిన్న గాడి యుండును. దానిని మరచినచో చాకు తయారైన తరువాత తెరచుట కష్టమగును.

"టక్కు" రహస్యము

కమాను వెనుక కొన, నడుమ మేకులచే బంధింపబడియున్నవి గదా. ముందు కొన మాత్రము స్వేచ్ఛగా నుండి, అలుగు మొదలును ఎల్లప్పుడు నొక్కుచుండును. అలుగు మొదలు గుండ్రముగా నుండిన యెడల ఈ నొక్కుడు వలన లాభము లేదు; అలుగు ఎచ్చటనైనను జారిపోవును. కావున మొదలును ఇంచుమించు చతురముగా చేయుదురు. దాని చదును అంచు కమాను క్రిందికి వచ్చినపుడు అలుగు నిలిచియుండును. అలుగును త్రిప్పినపుడు చతురపు మూల వచ్చి కమానును పైకెత్తును. మూల దాటిపోగానే కమాను తన చోటికి దిగి తరువాతి చదును అంచును కొట్టును. మీరు వినిన "టక్కు" అదియే.

ఇందొక కొలత మిక్కిలి ముఖ్యము. తిరుగు మేకు కేంద్రము నుండి, తెరచినపుడు కమాను ఆనుకొను అంచునకు గల దూరమును, మూసినపుడు ఆనుకొను అంచునకు గల దూరమును సమానముగా నుండవలెను. ఉదాహరణమునకు, రెండును 5 మిల్లీమీటర్లు అనుకొనుడు. అప్పుడు చాకు తెరచియున్నను, మూసియున్నను కమాను వెన్ను పిడి వెన్నుతో సమముగా నుండును. ఒకటి 5, మరియొకటి ఐదున్నర అయిన యెడల ఒక స్థితిలో కమాను అర మిల్లీమీటరు పైకి లేచి వ్రేలికి తగులును. చాకు వెన్నును వ్రేలితో తడవి చూచి పనివాని నేర్పును నిర్ణయింపవచ్చును.

చతురపు మూల కేంద్రము నుండి 7 మిల్లీమీటర్ల దూరమున నుండును. ఇది లెక్కల పుస్తకములోని కర్ణసూత్రమే. కాని కమానును 2 మిల్లీమీటర్లు ఎత్తినచో అది విరుగు ప్రమాదము కలదు. కావున మూలను గుండ్రముగా రాచి 6 మిల్లీమీటర్లకు తగ్గించవలెను. అప్పుడు కమాను 1 మిల్లీమీటరు మాత్రమే లేచును.

కమాను లేని చాకులు

కమాను లేకుండను మడత చాకును చేయవచ్చును. ఆస్ట్రియా దేశములోని హాల్‌స్టాట్‌లో సుమారు 2,500 ఏండ్ల నాటి మడత కత్తి లభించినది. జపానులో పిల్లలు పెన్సిళ్లు చెక్కుకొనుటకు వాడిన "హిగోనోకామి" యను చాకునకు కమాను లేదు; మేకు బిగువే దానికి ఆధారము. ఫ్రాన్సు దేశపు సావోయ్ సీమలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అను పదునెనిమిదేండ్ల యువకుడు కొయ్య పిడిలో గాడి కోసి, అందులో అలుగును ఒక్క మేకుతో బిగించి చాకు చేసెను. తెరచిన అలుగు మూసికొనకుండ పట్టు కంకణము 1955లో గాని దానికి చేర్చబడలేదు. క్రొత్తగా పని నేర్చువారు మొదట ఇట్టి కమాను లేని చాకును చేసి, చేయి కుదిరిన తరువాత కమాను చాకునకు పూనుకొనుట మేలు.

మొదట అట్టతో

ఏ పనికైనను నమూనా కావలెను. దళసరి అట్టపై చాకు అంగములను సరియైన కొలతలతో గీచి కత్తిరింపుడు. పిడి పొడవు 10 సెంటీమీటర్లు, పిడి వెలుపల కనబడు అలుగు 7 సెంటీమీటర్లు చాలును. గుండుసూదులను మేకులుగా గ్రుచ్చి అట్ట అలుగును త్రిప్పి చూడుడు. మూసినపుడు మొన బయటికి పొడుచుకొని వచ్చుచున్నదా? వాదర కమానును తాకుచున్నదా? తాకినచో, ఉక్కు చాకులో మూసిన ప్రతిసారియు వాదర మొండియగును. అట్టను దిద్దుట సులభము. ఉక్కును దిద్దుట కష్టము. ఈ అట్ట నమూనా పనిని ఎంత చిన్న విద్యార్థియైనను ఒంటరిగా చేయవచ్చును.

ఉక్కు సంపాదన

సింధనూరు, మాన్వి, రాయచూరు దారులలో ధాన్యపు లారీలు తిరుగుచుండుట మీరెరుగుదురు. వాని చక్రముల పైనుండు కమాను పట్టీలు విరిగినపుడు పాత ఇనుము కొట్లకు చేరును. ఆ పట్టీలలో నూటికి 0.6 వంతు కర్బనము గల మంచి ఉక్కు కలదు. మన కమ్మరులు కొడవళ్లకు, కత్తులకు దీనినే వాడుచుందురు.

పట్టీ మనకు కావలసినదానికంటె చాల దళసరిగా నుండును. దానిని కమ్మరి కొలిమికి కొనిపోయి, రెండున్నర లేక 3 మిల్లీమీటర్ల దళసరి వచ్చునట్లు సాగగొట్టించవలెను. తరువాత ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి ఒక రాత్రి విడువవలెను. మెల్లగా చల్లారిన ఉక్కు మెత్తబడి ఆకురాయికి లోబడును. అలుగును, కమానును ఈ ఒక్క బద్ద నుండియే కోసికొనవలెను. అప్పుడు రెండింటి దళసరియు సమానముగా నుండును.

కోత, రాపిడి, బెజ్జములు

బద్దపై అట్ట నమూనాను పెట్టి సూదిమొనతో గీతలు గీయవలెను. ఇనుప రంపముతో గీతకు వెలుపల కోసి, గీత వరకు ఆకురాయితో రాయవలెను. రంపము తొందరపాటును సహించును; ఆకురాయి సహింపదు. అది ముందునకు పోవునపుడే కోయును. వెనుకకు లాగునపుడు నొక్కినచో దాని పండ్లు అరుగును తప్ప పని జరుగదు.

3 మిల్లీమీటర్ల బెజ్జములను ఉక్కు మెత్తగా నున్నపుడే వేయవలెను. గట్టిపడిన తరువాత సామాన్యమైన డ్రిల్లు దానిలో దిగదు. రెండు ఇత్తడి రేకులను ఒకదానిపై నొకటి బిగించి ఒకేసారి బెజ్జములు వేసినచో అవి సరిగా ఎదురెదురుగా వచ్చును. కమాను నడిమి బెజ్జము విషయమున ఒక చిన్న కిటుకు కలదు. కూర్చునపుడు అది రేకుల బెజ్జమునకు సూటిగా ఎదురుపడరాదు. వెన్నువైపునకు ముప్పాతిక మిల్లీమీటరు ఎడముగా నుండవలెను. కమానును లోనికి నొక్కినగాని మేకు దూరకుండవలెను. ఆ నొక్కుడే కమానులో బలముగా నిలిచియుండును.

ఇప్పుడు తాత్కాలికముగా మేకులు దూర్చి చాకును తెరచి, మూసి చూడవలెను. అలుగు మొదలు అంచులను ఆకురాయితో కొంచెము కొంచెముగా సరిచేయవలెను. ఒకసారి రాచి రెండుసార్లు చూడుడు. ఎక్కువైన దానిని తీసివేయవచ్చును. తక్కువైన దానిని చేర్చలేము.

వాదరను ఈ దశలోనే పదును చేయరాదు. అర మిల్లీమీటరు దళసరి విడువవలెను. మిక్కిలి పలుచనైన వాదర అగ్నిలో వంకర పోవును, లేదా పగులును.

అగ్నిపరీక్ష

ఇంతవరకు చేసినది ఆకారము. గుణము ఇంకను రాలేదు. మెత్తని ఉక్కు అలుగు రెండు పెన్సిళ్లు చెక్కుసరికి మొండియగును. మెత్తని కమాను ఒకసారి వంగి వంగినట్లే యుండును. గుణమునిచ్చునది అగ్ని.

అలుగును కట్టెబొగ్గు నిప్పులలో సమముగా కాల్చవలెను. మొదట అది పండిన దొండపండు ఎరుపును పొందును. అప్పుడు ఒక అయస్కాంతమును దాని దగ్గరకు చేర్చి చూడవలెను. సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే ఇనుము అయస్కాంతమునకు అంటుకొనుట మానును. అటుపై ఇంకను కొంచెము కాల్చి, రంగు మోదుగుపువ్వు వన్నెకు పోకముందే తీసి, గోరువెచ్చని వేరుసెనగ నూనెలో మొన క్రిందుగా నిలువున ముంచవలెను. ప్రక్కలకు త్రిప్పిన యెడల అలుగు వంకర పోవును.

నా మొదటి తప్పు ఇచ్చటనే జరిగినది. కొడవలిని కమ్మరి నీటిలో ముంచుట చూచియుంటిని గనుక నేనును అలుగును నీటిలో ముంచితిని. "చిటుక్కు"మని సన్నని చప్పుడు వినబడినది. తీసి తుడిచి చూడగా వాదర నుండి వెన్ను వరకు వెండ్రుకవంటి పగులు కనబడినది. రెండు వారముల పని ఒక్క క్షణమున పోయినది. ఆ సంగతి పెద్దకమ్మరితో చెప్పగా ఆయన నవ్వి, "కొడవలి పని వేరు, దీని పని వేరు. లారీ పట్టీకి నూనె కావలె" ననెను. నీరు వేడిని అతివేగముగా లాగివేయును; ఈ ఉక్కు ఆ వేగమునకు తాళలేదు. నూనె కొంచెము నిదానముగా చల్లార్చును.

దీనిలోని శాస్త్రమేమనగా: ఎర్రగా కాగిన ఉక్కులో ఇనుప పరమాణువుల అమరిక మారి, కర్బనము వాని నడుమ కరగిపోవును. మెల్లగా చల్లార్చినచో కర్బనము విడివడి బయటికి వచ్చును, ఉక్కు మెత్తబడును. తటాలున చల్లార్చినచో దానికి బయటపడు అవకాశముండదు. లోపలనే చిక్కుకొని పరమాణువుల వరుసను బిగబట్టును. అందువలన ఉక్కు మిక్కిలి గట్టిదగును. ఈ స్థితిని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు మార్టెన్స్ పేర "మార్టెన్‌సైట్" అందురు. ఆకురాయితో గీచి చూచినచో అది కోయక జారిపోవును. కాని ఇంత గట్టిదనముతో పాటు పెళుసుదనమును వచ్చును. అట్టి అలుగు రాతిపై పడినచో గాజువలె విరుగును.

రంగుల పాఠము

పెళుసుదనమును తగ్గించుటకు మరల కొంచెముగా వేడి చేయవలెను. దీనికి పనివారి కన్నే ఉష్ణమాపకము. అలుగును ఉప్పుకాగితముతో తెల్లగా మెరయునట్లు రుద్ది, ఇనుప మూకుడులోని వేడి ఇసుకపై నుంచవలెను. ఉక్కుపై గాలిలోని ఆమ్లజనితో ఏర్పడు పొర వేడితో పాటు దళసరియగుచు రంగులు మార్చును. సుమారు 220 డిగ్రీల దగ్గర ఎండిన వరిగడ్డి రంగు. 280 దగ్గర వంకాయ రంగు. 300 దగ్గర నెమలి మెడ నీలము. రంగు ముదిరినకొలది గట్టిదనము తగ్గి, వంగి తిరిగి లేచు గుణము పెరుగును.

అలుగు వరిగడ్డి రంగు వద్ద ఆగవలెను. కమాను నీలము వరకు పోవలెను. నా రెండవ తప్పు ఇచ్చటిది. అలుగునకు మంచిదైనది కమానునకును మంచిదనుకొని, రెండింటిని వరిగడ్డి రంగుననే ఆపితిని. చాకు చక్కగా పనిచేసినది. "టక్కు" చప్పుడు గట్టిగా వినబడినది. చూచినవారు మెచ్చుకొనిరి. పది దినములకు ఒకనాటి సాయంకాలము తెరచుచుండగా కమాను నడిమి మేకు దగ్గర రెండు ముక్కలైనది.

అప్పుడు గ్రహించితిని. అలుగును, కమానును ఒకే పట్టీ నుండి కోసినవి. ఒకే నిప్పులో కాలినవి. ఒకే నూనెలో మునిగినవి. అయినను వాని పనులు వేరు. ఒకటి గట్టిగా నిలువవలెను; మరియొకటి వంగి లేవవలెను. ఒకదానికి తగిన వేడి మరియొకదానికి చాలదు. దేనికెంత కావలెనో తెలిసి అచ్చట ఆగుటయే ఈ విద్య.

కూర్పు, పదును

అలుగును, కమానును శుభ్రపరచి మెరుగుపెట్టునపుడు మాటిమాటికి నీటిలో ముంచవలెను. రాపిడి వేడికి వాదర నీలివన్నెకు తిరిగినచో అగ్నిలో సంపాదించిన గుణమంతయు పోవును.

పిడికి మన పొలముల గట్లపై పెరుగు తుమ్మకొయ్య మంచిది. అది గట్టిది, ఎండిన తరువాత నునుపు తేరును. చెక్కలను రేకులకు అమర్చి, వెనుక మేకు, ముందు మేకు, నడిమి మేకు వరుసగా దూర్చవలెను. ఇత్తడి మేకు కొనలను చిన్న సుత్తితో మెల్లగా కొట్టి పరచవలెను. ముందు మేకును ఎక్కువ కొట్టినచో అలుగు తిరుగకుండ పట్టుకొనిపోవును. దానికి ఉపాయమేమనగా, నూనెలో తడిపిన పలుచని కాగితమును అలుగు మొదలునకును రేకునకును నడుమ పెట్టి కొట్టవలెను. తరువాత కాగితమును చింపి లాగివేసినచో అలుగు తిరుగుటకు కావలసినంత చోటు మిగులును.

పదును పెట్టుట చివరి పని. సానరాతిని తడిపి, అలుగును రాతిపై సుమారు 20 డిగ్రీల కోణమున వాల్చి, రెండు వైపుల సమముగా నూరవలెను. కోణము మారకుండుటే ముఖ్యము. కాగితమును గాలిలో పట్టి కోసినపుడు చిరుగక తెగినచో పదును వచ్చినట్లు. మేకు దగ్గర అప్పుడప్పుడు ఒక్క చుక్క నూనె వేయవలెను. పండు కోసిన తరువాత తుడిచి మూయవలెను. చాకుతో డబ్బా మూతలను పెరికినచో మొన విరుగును. అది చాకు తప్పు కాదు.

జాగ్రత్తలు

కొలిమి పని, నూనెలో ముంచు పని పెద్దల చేతితోనే జరుగవలెను. విద్యార్థులు దూరముగా నిలిచి చూడవలెను. ఎర్రని ఉక్కును ముంచినపుడు నూనె పైన మంట లేచును. కావున ఇనుప పాత్రనే వాడవలెను. దానిపై మూయుటకు ఇనుప మూత, దగ్గర పొడి ఇసుక యుండవలెను. మండుచున్న నూనెపై నీరు పోయరాదు. నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు, కన్నులకు అద్దములు ధరింపవలెను. ఆరుబయట గాలి వీచుచోటనే పని చేయవలెను. చాకు తయారైన తరువాత అది ఇంటి పనిముట్టు. దానిని బడికి గాని, జాతరకు గాని తీసికొనిపోరాదు. కమాను చాకు గట్టిగా పొడిచినచో చేతిపై మూసికొనును గనుక దానితో పొడుచుట, పెరుకుట కూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట

"మా పిల్లవానికి చదువు రానినాడు గదా సుత్తి పట్టవలసినది" అని కొందరు తల్లిదండ్రులు అనుట విన్నాను. ఈ చాకులో ఏ పాఠము లేదు? తులాదండ సూత్రము కలదు, కర్ణసూత్రము కలదు, అయస్కాంతము కలదు, కర్బనము కలదు. ఇంతకు ముందు చెప్పిన స్టోడార్ట్‌తో కలిసి 1820లో ఉక్కుపై పరిశోధనలు ప్రకటించిన మైకేల్ ఫారడే ఒక కమ్మరి కుమారుడే. విద్యుత్తు పాఠమున అతని పేరు చదువని విద్యార్థి లేడు.

మరియొక విషయము. ఈ జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రమునందుండి, తరువాత మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రాష్ట్రమునకే 1973లో కర్ణాటకమను పేరు వచ్చినది. మనలో కొందరి తాతలు తరతరములుగా ఇచ్చటివారే. మరికొందరి తాతలు 1953లో తుంగభద్ర నీరు వచ్చిన తరువాత తీరాంధ్రము నుండి వచ్చి క్యాంపులలో స్థిరపడినవారు. బడిలో తెలుగున చదువుకొని బజారులో కన్నడము వినునప్పుడు, ఇంటి మాట ఇంటికే పరిమితమను సంకోచము మన పిల్లలకు కలుగుచుండును. వారిని ఒకసారి కొలిమికి తీసికొనిపొండు. మనము కమ్మరి యన్నచో వారు కమ్మార యందురు. మన కొలిమి వారి కులుమె. మన సుత్తి వారి సుత్తిగె. మన తిత్తి వారి తిది. చాకు ఇద్దరికిని చాకే. అది పారసీక మార్గమున వచ్చి ఉరుదూ ద్వారా మన రెండిండ్లలోను నిలిచిన మాట. ఇక ఉక్కు ఇద్దరికిని ఉక్కే. కొలిమి ముందు కూర్చున్న పిల్లవాడు రెండు భాషలను విడివిడిగా నేర్వనక్కరలేదు. ఒకదాని వెలుగున రెండవది కనబడును.

విద్యార్థులారా! మీ ఊరి కొలిమి యింకను ఆరిపోలేదేని, ఒక సెలవునాడు పెద్దలతో కూడ అచ్చటికి పొండు. కమ్మరి అజ్జకు నమస్కరించి, ఆయన పని మానుకొను వేళ దనుక ఓపికతో కూర్చుండి, "అజ్జా, నూనెలో ఎప్పుడు ముంచవలెను? ఏ రంగున ఆపవలెను?" అని యడుగుడు. ఆయన చెప్పు మాటను వ్రాసికొనుడు. ఆ మాట ఏ పాఠ్యపుస్తకమునను లేకపోవచ్చును. నా మూడవ చాకు అట్టి మాట వలననే నిలిచినది. అది నేటికిని నా జేబులో నున్నది.